విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రజల చేత ప్రయోగాలు చేయించడం ఎలా?

విశ్వవిద్యాలయాలు ఏడాదికి ఒకటి రెండు రోజులు ప్రయోగశాలల తలుపులు తెరిచి ప్రజలను లోపలికి ఆహ్వానించడం చాలాచోట్ల జరిగేదే. అయితే వచ్చినవారు అక్కడ ఏం చేస్తున్నారో గమనిస్తే, ఎక్కువ సందర్భాలలో వారు చేతులు వెనక్కి కట్టుకుని గాజు పలక అవతల ఉన్న యంత్రాన్ని చూసి, పరిశోధక విద్యార్థి చెప్పే నాలుగు మాటలు విని, మర్యాదగా తల ఊపి పక్క గదికి వెళ్లిపోతారు. ఈ వ్యాసం అలాంటి ప్రదర్శన గురించి కాదు. వచ్చినవారే కొలిచి, కలిపి, తిప్పి, తప్పు చేసి, దాన్ని తామే సరిదిద్దుకునే ఒక రోజును ఒక విభాగం ఒంటరిగా గానీ, కొన్ని విభాగాలు కలిసి గానీ ఎలా నిర్వహించవచ్చో, మొదటి సమావేశం నుంచి చివరి పెట్టె సర్దే వరకు వరుసగా చెబుతాను. అన్ని దశలలోనూ పాటించవలసిన నియమం ఒక్కటే: సందర్శకుడి చెయ్యి ముందు, మన నోరు తరువాత.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మైఖేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం 1825లో మొదలుపెట్టిన క్రిస్మస్ ఉపన్యాసాలు ప్రయోగాలతో నిండి ఉండేవి, కానీ ఆ ప్రయోగాలు చేసేది ఉపన్యాసకుడే. చేసే పనిని ప్రేక్షకుడి చేతికి అప్పగించడంలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ఒక పెద్ద అడుగు ముందుకు వేశారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తున్న రోజుల్లో ఆయన, విద్యార్థులు తమకు వీలైనప్పుడు వచ్చి తమంతట తాము చేసుకోగల ప్రయోగాలను ఒక గ్రంథాలయంలో పుస్తకాల మాదిరిగా అమర్చారు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన స్థాపించిన ఎక్స్‌ప్లొరటోరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాలకు ఆ అమరికే బీజం. దానికి ఒక ఏడాది ముందే, 1968లో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోనే లారెన్స్ హాల్ ఆఫ్ సైన్స్ అనే విజ్ఞాన కేంద్రాన్ని ప్రజల కోసం తెరిచింది. అంత పెద్ద భవనం మీకు అక్కర్లేదు. పదిహేను బల్లలు, ముప్ఫై మంది విద్యార్థులు, రెండు నెలల ముందుచూపు ఉంటే చాలు.

1. ఎంతమందిని పిలవాలో ముందు లెక్క వేయండి

నిర్వాహకులు సాధారణంగా ముందు ప్రచారం గురించి ఆలోచించి, జనం వచ్చాక బల్లలు సరిపోలేదని బాధపడతారు. లెక్కను తిరగేసి చేయండి. ఒక బల్ల దగ్గర ఒకేసారి ఐదుగురు పనిచేయగలరని, ఒక్కో విడతకు 6 నిమిషాలు పడుతుందని అనుకుందాం. కార్యక్రమం 4 గంటలైతే 240 నిమిషాలు, అంటే 40 విడతలు. బల్లకు 200 మంది. అలాంటి బల్లలు 15 ఉంటే మొత్తం 3,000 సార్లు ప్రయోగం చేయించవచ్చు. వచ్చినవారు ఒక్కొక్కరు సగటున 8 బల్లల దగ్గర ఆగితే, 375 మందికి మించి చోటు లేదు. విడతల మధ్య బల్ల తుడవడానికి, నీళ్లు మార్చడానికి, వాలంటీరు ఊపిరి పీల్చుకోవడానికి మూడో వంతు సమయం తీసేస్తే మిగిలేది 250 మంది మాత్రమే.

ఈ సంఖ్య చూసి విశ్వవిద్యాలయ పెద్దలు పెదవి విరుస్తారు. వేలమంది వచ్చారని నివేదికలో రాసుకోవాలని వారికి ఉంటుంది. వేలమందిని పిలవడం తప్పు కాదు గానీ, అప్పుడు అది మళ్లీ చేతులు వెనక్కి కట్టుకుని చూసే ప్రదర్శనే అవుతుందని వారికి ముందే స్పష్టంగా చెప్పండి. ఎక్కువ మందికి అవకాశం ఇవ్వాలంటే ఇలాంటి కార్యక్రమాన్ని రెండు లేదా మూడు పూటలు నడిపి, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి ఒక్కో పూటను కేటాయించడం మేలు.

తేదీ, అనుమతులు, గదుల కేటాయింపు, ప్రథమ చికిత్స బృందం, బీమా వంటి పాలనాపరమైన పనులను రెండు నెలల ముందే ఒకే వ్యక్తికి అప్పగించండి. ఇద్దరికి అప్పగిస్తే రెండో వారు చూసుకుంటున్నారని ఇద్దరూ అనుకుంటారు.

2. ప్రయోగాలను ఎంచుకోండి

ప్రతి విభాగమూ తన దగ్గరున్న అత్యంత ఖరీదైన పరికరాన్ని చూపించాలనుకుంటుంది. దాన్ని ముట్టుకోనివ్వలేరు కాబట్టి అది ఈ రోజుకు పనికిరాదు. ఒక ప్రయోగాన్ని బల్ల మీద పెట్టే ముందు దాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించండి. చేసే ముందు సందర్శకుడు ఫలితాన్ని ఊహించగలడా? ఆ ఊహ తప్పయ్యే అవకాశం నిజంగా ఉందా? తప్పయినప్పుడు అతను వెంటనే ఏదో ఒకటి మార్చి మళ్లీ చేసి చూడగలడా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలేది ఇంద్రజాలమే, శాస్త్రం కాదు.

లోలకాన్ని తీసుకోండి. పాఠ్యపుస్తకంలో అందరూ చదివిందే కదా అని దాన్ని పక్కన పెడతారు. నిజానికి అన్ని బల్లల్లోకీ గట్టిది అదే కావచ్చు. ఒకే పరిమాణంలో ఉన్న ఒక చెక్క బంతిని, ఒక ఉక్కు బంతిని సమానమైన దారాలతో వేలాడదీసి, రెండింటినీ ఒకే ఎత్తు నుంచి వదిలితే ఏది త్వరగా ఊగుతుందని అడగండి. బరువైనదే వేగంగా ఊగుతుందని చాలామంది ధైర్యంగా చెబుతారు. స్టాప్‌వాచ్ వారి చేతికిచ్చి పది డోలనాలు లెక్కపెట్టమనండి; బంతి ఒకసారి వెళ్లి తిరిగి వస్తే ఒక డోలనం. ఆధార బిందువు నుంచి బంతి మధ్య భాగం వరకు పొడవు 1 మీటరు ఉంటే రెండింటికీ దాదాపు 20 సెకన్లే వస్తుంది. ఇప్పుడు ఊగే సమయాన్ని సగానికి తగ్గించాలంటే దారాన్ని ఎంతకు కుదించాలని అడగండి. అందరూ 50 సెంటీమీటర్లు అంటారు, కట్టి చూస్తారు, 14 సెకన్లు వస్తుంది. అక్కడ మీ విద్యార్థి నోరు విప్పకూడదు. 40 కట్టి చూస్తారు, 30 కట్టి చూస్తారు, చివరికి 25 దగ్గర 10 సెకన్లు వచ్చినప్పుడు, సగం కావాలంటే నాలుగో వంతుకు తగ్గించాలన్న సంగతిని ఎవరో ఒకరు తామే పైకి అంటారు.

ఈ బల్లకు అవసరమైన జాగ్రత్తలు చిన్నవే అయినా వదిలేస్తే ప్రయోగం చెడుతుంది. బంతులు వేర్వేరు పరిమాణాల్లో ఉంటే వాటి మధ్య బిందువులు ఒకే చోట ఉండవు కాబట్టి లోలకం పొడవు మారిపోయి, బరువు వల్లే తేడా వచ్చిందన్న తప్పు నమ్మకం బలపడుతుంది. నిలువు నుంచి 15 డిగ్రీలకు మించి లాగి వదలకూడదు. ఆ లోపల పొరపాటు అర శాతానికి మించదు. దారాన్ని ముడి వేసి కట్టే బదులు క్లిప్పుతో బిగిస్తే పొడవు మార్చడం పది సెకన్ల పని అవుతుంది. ముడి విప్పుతూ కూర్చుంటే విడతలో సగం సమయం దానికే పోతుంది.

రెండోది వెంట్రుక మందం కొలవడం. ఎరుపు లేజర్ కిరణానికి అడ్డంగా, రంధ్రం చేసిన అట్టముక్క మీద అతికించిన ఒక వెంట్రుకను నిలబెడితే, 2 మీటర్ల దూరంలోని గోడ మీద నడుమ ఒక వెడల్పాటి వెలుగు, దానికి ఇరువైపులా వెలుగు చీకట్ల వరుస ఏర్పడతాయి. కాంతి వంగడం వల్ల, అంటే వివర్తనం వల్ల, ఇలా జరుగుతుంది. నడుమ వెలుగుకు ఒకే పక్కన వరుసగా ఉన్న రెండు చీకటి చోట్ల మధ్య ఎడాన్ని మిల్లీమీటర్లలో కొలవాలి. లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు అయితే, కొలిచిన ఆ ఎడంతో 1300ను భాగిస్తే వెంట్రుక మందం మైక్రోమీటర్లలో వచ్చేస్తుంది. ఎడం 13 మిల్లీమీటర్లు ఉంటే మందం 100 మైక్రోమీటర్లు, 16 అయితే సుమారు 81, 20 అయితే 65. ఒక్క ఎడాన్ని కొలిస్తే స్కేలు పొరపాటు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, నాలుగు ఎడాలను కలిపి కొలిచి నాలుగుతో భాగించడం వారికి నేర్పండి; కొలత అనే పనిలోని మెళకువ అక్కడే అర్థమవుతుంది. సన్నని వెంట్రుకకు గీతలు దూరంగా, లావు వెంట్రుకకు దగ్గరగా పడడం అందరినీ కాసేపు తికమక పెడుతుంది. ఆ తికమకను తొందరపడి తీర్చకండి. అమ్మమ్మ వెంట్రుకా మనవరాలి వెంట్రుకా పక్కపక్కన కొలిచిన కుటుంబాలు ఈ బల్ల వదిలి వెళ్లవు; అందుకే దీనికి రెండు లేజర్లు, రెండు గోడలు సిద్ధం చేసుకోండి.

మూడోది రాగి గొట్టం, అయస్కాంతం. ముందుగా బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని గొట్టానికి ఆనించి చూడమనండి. రాగి దాన్ని ఆకర్షించదని వారే తేల్చుకుంటారు. తరువాత అంతే పరిమాణం ఉన్న మామూలు ఉక్కు ముక్కను ఒక మీటరు గొట్టంలో వేస్తే అర సెకను లోపే కింద పడుతుంది. అయస్కాంతాన్ని వేస్తే అది తీరుబడిగా, ఎవరో లోపల పట్టుకుని దించుతున్నట్టుగా దిగుతుంది. కదిలే అయస్కాంతం గొట్టం గోడలో విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుందని, ఆ ప్రవాహాల అయస్కాంత క్షేత్రం పతనాన్ని అడ్డుకుంటుందని, ఈ నియమాన్ని భౌతికశాస్త్రవేత్త లెంజ్ 1834లో చెప్పాడని మీ విద్యార్థి అప్పుడు వివరించవచ్చు. ఆ వివరణ ఇచ్చిన వెంటనే, నిలువునా చీల్చిన మరో రాగి గొట్టాన్ని వారి చేతికివ్వండి. చీలిక వల్ల ప్రవాహం గొట్టం చుట్టూ పూర్తిగా తిరగలేదు కాబట్టి అందులో అయస్కాంతం ఇంకొంచెం వేగంగా పడుతుంది. విన్న వివరణను అక్కడికక్కడే పరీక్షించుకోవడానికి ఇంతకన్నా సులభమైన మార్గం నాకు కనిపించలేదు.

దీని చరిత్రకు సంబంధించిన మరో బల్లను కూడా పెట్టవచ్చు. 1820లో భౌతికశాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ కోపెన్‌హాగన్‌లో విద్యార్థులకు ఉపన్యాసమిస్తూ, విద్యుత్ తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. ఒక బ్యాటరీ, చిన్న బల్బు, ఒక తీగ, ఒక దిక్సూచి ఉంటే మీ సందర్శకులు కూడా దాన్నే చేస్తారు. తీగ ముల్లుకు సరిగ్గా పైన, ముల్లుకు సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. అడ్డంగా పెడితే ముల్లు పక్కకు తిరగదు. ఈ బల్ల చెక్కది కావాలి, నియోడిమియం బల్లకు చాలా దూరంగా ఉండాలి. బలమైన అయస్కాంతం దగ్గరకు వస్తే దిక్సూచి ధ్రువాలు తారుమారై, మధ్యాహ్నానికల్లా మీ దిక్సూచులు ఉత్తరాన్ని దక్షిణంగా చూపిస్తూ ఉంటాయి.

నిలబడి చేసే బల్లలకు సరిపోని ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. అరటిపండు గుజ్జులో ఉప్పు, గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపిన నీళ్లు పోసి, వడకట్టి, పైన చల్లని ఆల్కహాల్ పొరలా పోస్తే డీఎన్ఏ తెల్లని పోగులుగా పైకి తేలుతుంది. సబ్బు కణ త్వచాలను విప్పుతుంది, డీఎన్ఏ ఆల్కహాల్‌లో కరగదు. అయితే దీనికి పావుగంటకు తక్కువ పట్టదు కాబట్టి, దీన్ని విడిగా ఒక గదిలో, కూర్చోబెట్టి చేయించే అరగంట తరగతిగా పెట్టండి. కనిపించేది శుద్ధమైన డీఎన్ఏ కాదని, అందులో ప్రొటీన్లు వంటివి కలిసి ఉంటాయని చెప్పడం మరవకండి. విశ్వవిద్యాలయంలో అర్ధసత్యం చెప్పకూడదు.

3. బల్ల దగ్గర నిలబడేవారికి శిక్షణ ఇవ్వండి

మొత్తం కార్యక్రమంలో నేను ఎక్కువ సమయం కేటాయించేది దీనికే. పరికరాలు ఎంత మంచివైనా, బల్ల దగ్గరున్న విద్యార్థి తనకు తెలిసినదంతా చెప్పేయాలని ఆత్రపడితే ఆ బల్ల ఉపన్యాస వేదిక అవుతుంది. సబ్జెక్టు బాగా తెలిసినవారికే ఈ జబ్బు ఎక్కువ. మొదటి సంవత్సరం డిగ్రీ విద్యార్థులు పీహెచ్‌డీ విద్యార్థుల కంటే ఈ పనిలో చాలాసార్లు నయమనిపిస్తారు. ఎక్స్‌ప్లొరటోరియంలో కూడా సందర్శకులతో మాట్లాడే పనిని హైస్కూలు పిల్లలకు అప్పగించారు.

కార్యక్రమానికి ముందు రెండు సార్లు, ఒక్కోసారి రెండేసి గంటలు, శిక్షణ పెట్టండి. మొదటిసారి విద్యార్థులు ఒకరి బల్ల దగ్గరకు మరొకరు సందర్శకులుగా వెళ్లాలి. ఒక మూడో వ్యక్తి చేతిలో గడియారం పట్టుకుని, సందర్శకుడి చెయ్యి పరికరాన్ని తాకడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. ఇరవై సెకన్లు దాటితే ఆ పలకరింపును కుదించాలి. రెండోసారి బయటివారిని, అంటే విభాగంలోని గుమాస్తాలను, తోటపనివారిని, అధ్యాపకుల పిల్లలను పిలిచి నిజంగా చేయించాలి. పరికరంలో ఉన్న లోపాలు ఆ పూటే బయటపడతాయి.

ప్రశ్న అడిగాక ఆగడం నేర్పించాలి. 1970లలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో కూడి వస్తున్నాయని చూపించారు. మూడు సెకన్లు వినడానికి కొంచెమే గానీ, ఎదురుగా ఒక కుటుంబం నిలబడి ఉన్నప్పుడు ఆ నిశ్శబ్దం చాలా పొడవుగా అనిపిస్తుంది. మనసులో నెమ్మదిగా అయిదు వరకు లెక్కపెట్టుకోమని చెప్పండి.

సందర్శకుడి ఊహ తప్పయినప్పుడు “కాదు” అనకూడదు. “అయితే చేసి చూద్దాం” అనాలి. ఊహ సరైనదైనప్పుడు కూడా అదే మాట అనాలి, లేకపోతే మీ ముఖం చూసి జవాబు కనిపెట్టడం పిల్లలకు రెండు నిమిషాల్లో అలవాటవుతుంది. జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే తెలియదని చెప్పి, ఏం చేస్తే తెలుస్తుందో కలిసి ఆలోచించాలి. ఈ ఒక్కదానికి మన విద్యార్థులు చాలా సిగ్గుపడతారు. శిక్షణలో అధ్యాపకులే ముందుగా తమకు తెలియదని రెండు మూడు సార్లు పైకి అని చూపిస్తే ఆ బిడియం పోతుంది.

తల్లిదండ్రుల సంగతి వేరు. పిల్లవాడు స్టాప్‌వాచ్ నొక్కబోతుంటే తండ్రి చేయి చాచి తీసుకుని “ఇలా కాదు నాన్నా, నేను చూపిస్తా” అంటాడు. ఆయనను వారించడం మర్యాద కాదు. ఆయనకు వేరే పని ఇవ్వండి: “సార్, మీరు డోలనాలు లెక్కపెట్టండి, బాబు టైము చూస్తాడు.” ప్రతి బల్ల దగ్గరా పెద్దలకు ఒక పని ముందే సిద్ధంగా ఉండాలి.

4. గదులను, బల్లలను అమర్చండి

నాలుగో అంతస్తులోని ప్రయోగశాల కన్నా కింది అంతస్తు నడవాయే మేలు. మెట్లు ఎక్కలేనివారు, చక్రాల కుర్చీలో వచ్చేవారు, చంటిపిల్లల బండ్లతో వచ్చేవారు అందరూ అక్కడికి చేరగలరు. ల్యాబ్ బల్లలు నిలబడి పనిచేసే పెద్దలకు తగిన ఎత్తులో ఉంటాయి కాబట్టి, మామూలు రాతబల్లలు తెప్పించి, కింద మోకాళ్లు పట్టే ఖాళీ ఉండేలా చూసుకోండి. చిన్నపిల్లలకు జారని పీటలు వేయండి. చీకటి కావలసిన లేజర్ బల్లను, నిశ్శబ్దం కావలసిన ధ్వని బల్లను మాత్రం గదుల్లో ఉంచండి.

బల్ల మీద వివరణ పత్రం పెట్టకండి. ఒక ప్రశ్న మాత్రం పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. “బరువైనది వేగంగా ఊగుతుందా?” చాలు.

సూక్ష్మదర్శినుల గురించి ఒక అనుభవం చెప్పాలి. నేను పాలుపంచుకున్న ఒక కార్యక్రమంలో ఉల్లిపొర కణాలు చూపించడానికి ఆరు సూక్ష్మదర్శినులు పెట్టాం. గంట తిరక్కముందే నాలుగు స్లైడ్లు పగిలాయి, ఒక వస్తుకటకం (స్లైడుకు దగ్గరగా ఉండే కటకం) మీద గీత పడింది. తప్పు పిల్లలది కాదు. 40 రెట్ల వస్తుకటకానికీ స్లైడుకూ మధ్య ఎడం మిల్లీమీటరు కూడా ఉండదు. పెద్ద మరను ఒక్కసారి తిప్పితే కటకం గాజులోకి దిగిపోతుంది. తరువాతి ఏడాది 40 రెట్లది, 100 రెట్లది విప్పి తీసేసి, 4, 10 రెట్ల వస్తుకటకాలు మాత్రమే ఉంచాం. కంటి దగ్గర ఉండే 10 రెట్ల అక్షికటకంతో అవి 40, 100 రెట్ల పరిమాణాన్ని ఇస్తాయి. ఉల్లిపొర కణాలకు అది చాలు. ఆ ఏడాది ఏదీ పగలలేదు. పైగా, మర తిప్పనివ్వకుండా ముందే సరిచేసి పెట్టిన సూక్ష్మదర్శినిలో చూసినవారికి తమ కనురెప్పల నీడే కణంలా కనిపిస్తుంది. తామే మర తిప్పి, మసక నుంచి గీతలు తేరుకోవడం చూసినవారికి తాము ఏం చూశారో తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శినులు దొరికితే ఈ భయమే ఉండదు.

5. ప్రమాదాలను బల్లవారీగా రాసుకోండి

ప్రతి బల్లకు ఒక పేజీలో ఏం జరగవచ్చో, జరిగితే ఎవరు ఏం చేయాలో రాసి, విశ్వవిద్యాలయ భద్రతాధికారి సంతకం తీసుకోండి. సాధారణ జాగ్రత్తలు అందరికీ తెలిసినవే కాబట్టి, తరచుగా పొరపాటు జరిగేవి మాత్రం ఇక్కడ చెబుతాను.

లేజర్ 2వ తరగతిది కావాలి, అంటే దాని సామర్థ్యం 1 మిల్లీవాట్‌కు మించకూడదు. అంతవరకు రెప్పపాటు కంటిని కాపాడుతుంది. లేబుల్‌ను నమ్మకుండా పవర్ మీటరుతో కొలవండి. మీకు అది దొరకడం కష్టం కాదు, మీరున్నది విశ్వవిద్యాలయంలో. లేజర్‌ను బల్లకు బిగించండి, చేతికివ్వకండి; చెయ్యి ముందు అన్న నియమానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఇదొకటి.

నియోడిమియం అయస్కాంతాలు పిల్లలు మింగలేనంత పెద్దవిగా ఉండాలి. ఒకటికి మించి మింగితే అవి పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదకు తెస్తాయి. బల్ల తెరిచేటప్పుడు, మూసేటప్పుడు వాటిని లెక్కపెట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవారు ఆ బల్లకు దూరంగా ఉండాలని కొంచెం ముందే పెద్ద బోర్డు పెట్టండి.

ద్రవ నైట్రోజన్ మీద అందరికీ మోజు. అది మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని, చర్మాన్ని కాల్చుతుందని అందరూ జాగ్రత్తపడతారు గానీ, అసలు ప్రమాదం గాలిలో ఉంది. ఒక లీటరు ద్రవం ఆవిరై దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న మూసిన గదిలో 5 లీటర్లు ఒలికితే మూడున్నర ఘనమీటర్ల నైట్రోజన్ చేరి, ఆక్సిజన్ 20.9 శాతం నుంచి సుమారు 18.5 శాతానికి పడిపోతుంది; 19.5 శాతం కన్నా తగ్గిన గాలిని ఆక్సిజన్ లోపించినదిగా పరిగణిస్తారు. ఆ లోపాన్ని మనిషి ముక్కు గుర్తించలేదు. కాబట్టి దీన్ని ఆరుబయట, శిక్షణ పొందిన ఉద్యోగి మాత్రమే, ప్రేక్షకులకు దూరంగా చేయాలి. మూత బిగించిన సీసాలో ఎన్నటికీ పోయకూడదు. ఎవరూ ముట్టుకోలేని ప్రయోగం కాబట్టి, నా మట్టుకు నేను దీన్ని పెట్టనే పెట్టను.

దుర్భిణిలో సూర్యుడిని చూపించదలిస్తే, సౌర ఫిల్టరు దుర్భిణి ముందు భాగానికే బిగించి ఉండాలి, కంటి దగ్గర కాదు. ఆ దుర్భిణి పక్కనుంచి వాలంటీరు ఒక్క క్షణం కూడా కదలకూడదు.

పిల్లల విషయంలో మరొకటి. ఏ వాలంటీరూ మూసిన గదిలో ఒంటరిగా పిల్లలతో ఉండకూడదు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు తీయకూడదు. ఈ రెండింటినీ శిక్షణ రోజునే రాతపూర్వకంగా ఇవ్వండి.

6. ఆ రోజున

తలుపులు తెరవడానికి గంట ముందు ప్రతి బల్ల దగ్గరా ప్రయోగాన్ని ఒకసారి పూర్తిగా చేసి చూడాలి. నిన్న పనిచేసింది కదా అని వదిలేయకండి. ముఖ్యంగా వాన్ డి గ్రాఫ్ వంటి స్థిర విద్యుత్ యంత్రాలు గాలిలో తేమ పెరిగితే మొరాయిస్తాయి. ఒక్కో బల్లకు ఇద్దరు విద్యార్థులను కేటాయించి, గంటకొకసారి బల్లలు మార్పించండి. ఒకే మాటను నలభైసార్లు చెప్పినవారి గొంతులో ప్రశ్న చచ్చిపోయి పాఠం మిగులుతుంది.

వచ్చినవారందరికీ ప్రవేశద్వారం దగ్గర ఒక ఖాళీ అట్టకాగితం, పెన్సిలు ఇవ్వండి. తాము ఊహించింది, కొలిచింది అందులో రాసుకుంటారు. ముద్రించిన గళ్లు ఉంటే గళ్లు నింపడమే పనైపోతుంది కాబట్టి ఖాళీ కాగితమే మంచిది. ఒక బల్ల దగ్గర వరుస పెరిగితే జనాన్ని పంపించేయకండి, రెండో సెట్ తెరవండి. అందుకోసం ఎక్కువ మంది ఇష్టపడే మూడు నాలుగు ప్రయోగాలకు అదనపు సామాను ముందే సిద్ధం చేసుకోవాలి.

మీ విభాగంలో నిజంగా జరుగుతున్న పరిశోధనను చూపించాలని ఉంటే, దాన్ని చివర్లో పెట్టండి. వెంట్రుక మందాన్ని కాంతితో కొలిచి వచ్చిన మనిషిని, స్ఫటికంలోని పరమాణువుల మధ్య దూరాన్ని ఎక్స్ కిరణాలతో కొలిచే యంత్రం ముందు నిలబెడితే, “ఇదీ అదే కదా” అని తనే అంటాడు. ఆ యంత్రాన్ని అతను ముట్టుకోకపోయినా ఫరవాలేదు. దాని పనిని అతని చెయ్యి అప్పటికే ఒకసారి చేసింది.

7. ముగిశాక

ఎంతమంది వచ్చారన్నది ప్రవేశద్వారం దగ్గరే తెలుస్తుంది, దాని కోసం శ్రమపడనక్కర్లేదు. అంతకన్నా ఉపయోగపడేవి రెండున్నాయి. ఒకటి, ఒక్కో బల్ల దగ్గర జనం ఎన్ని నిమిషాలు ఆగారన్నది. ఇద్దరు విద్యార్థులు గడియారంతో దూరంగా కూర్చుని ఒక గంటపాటు గమనిస్తే చాలు. రెండోది, బయటికి వెళ్లేవారిని అడిగే ప్రశ్న. “ఎలా ఉంది?” అని అడిగితే బాగుందనే అంటారు. “మీరు అనుకున్నట్టు జరగనిది ఏమిటి?” అని అడగండి. దానికి జవాబు చెప్పలేకపోయినవారు ఎక్కువగా ఏ బల్లల నుంచి వచ్చారో చూస్తే, వచ్చే ఏడాది ఏ బల్లలు తీసేయాలో తెలిసిపోతుంది.

సర్దడం మర్నాటికి వాయిదా వేయకండి. బల్లకొక పెట్టె చొప్పున పెట్టి, ఆ ప్రయోగానికి సంబంధించిన సామాను అంతా అందులోనే వేసి, ఆ రోజు అక్కడ నిలబడిన విద్యార్థుల చేతనే ఒక కాగితం రాయించి పైన ఉంచండి: ఏది విరిగింది, ఏది తక్కువ పడింది, జనం అడిగిన ప్రశ్నల్లో తాము జవాబు చెప్పలేనిది ఏది. ఆ పెట్టెలు విభాగం గదిలో అందుబాటులో ఉంటే, ఏడాది మధ్యలో ఏదైనా బడి అడిగినప్పుడు లోలకాల పెట్టె ఒక్కటే తీసుకుని ఇద్దరు విద్యార్థులు బయలుదేరవచ్చు.